తెల్లకోఠీ మీద ప్రజాభిప్రాయం

పోర్ట్ బ్లెయిర్‌లో ఇప్పుడు పాత ఇటుక కనిపిస్తే చాలు, దాని ముందు ఒక బోర్డు పాతుతున్నారు. చుట్టూ తీగ కంచె వేసి, ముట్టుకోవద్దని రాస్తున్నారు. మంచిదే. ఈ మధ్య మా పాత ఆఫీసు నుంచి ఇద్దరు కుర్ర ఇంజనీర్లు నన్ను చూడవచ్చి, "మీ కాలంలో అన్ని మంచి కట్టడాలు పడిపోతుంటే మీరంతా ఏం చేస్తున్నారు సార్?" అని అడిగారు. పడగొడుతున్నామని చెప్పాను. వాళ్లు నవ్వారు. నేను నవ్వించడానికి చెప్పలేదు.

ప్రజల్ని అడిగి ఉంటే అలా జరిగేది కాదని కూడా అన్నారు. అడిగాం. ఒక కట్టడం గురించి నేనే గడప గడపకూ వెళ్లి అడిగాను. అందరూ ఒకే జవాబు చెప్పారు. ఆ జవాబు ఒక మనిషి ప్రాణం మీదికి ఎలా వచ్చిందో ఇప్పటి ఉద్యోగులకు తెలిస్తే మంచిదని ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంత. మాది ఉత్తరాంధ్ర తీరాన ఒక చిన్న జమీ. జమీందారీలు రద్దయ్యాక మా తండ్రిగారు ఎవరి ముందూ చేయి చాచలేదు, ఎవరి సలహా వినలేదు. దివాణం దూలాలు, ద్వారబంధాలు వేలంపాటలో పోతుంటే నేను ఎదురుగా నిలబడి చూశాను. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. కూర్చోలేదు. తర్వాత ఓవర్సీరు పరీక్ష ప్యాసై ఓడెక్కాను. మా ఇంటిపేరు తెలియని చోటికి పారిపోయానని బంధువులు అనుకున్నారు. తెలియని చోట కూడా నేను నలిగిన చొక్కాతో పనిలోకి దిగలేదు. ఆఫీసులో నా వెనక 'రాజాసాబ్' అనేవాళ్లు. వెక్కిరింతే అయినా అందులో తప్పేమీ లేదు గనక ఊరుకునేవాణ్ణి.

అవి కాందిశీకుల ఓడలు ఇంకా వస్తున్న రోజులు. వచ్చినవాళ్లకు ఇళ్లు కావాలి, ఉన్న ఉద్యోగులకూ ఇళ్లు కావాలి. ఊరికి దక్షిణాన, తూర్పు సముద్రం మీదికి చొచ్చుకుపోయిన ఒక గుట్ట మీద తెల్లకోఠీ ఉండేది. ఎవరో దొర కట్టించుకున్న రెండంతస్తుల ఇల్లు. యుద్ధంలో జపాన్ వాళ్లు ద్వీపాలు పట్టుకున్నప్పుడు గూఢచారులన్న అనుమానంతో మనుషుల్ని అక్కడికి తీసుకెళ్లి విచారించేవాళ్లు. లోపలికి వెళ్లినవాళ్లలో కొందరు బయటికి రాలేదు. యుద్ధం ముగిశాక ఆ ఇంట్లో ఎవరూ కాపురం పెట్టలేదు.

పేరుకు తెల్లకోఠీయే గాని ఇల్లంతా నాచు పట్టి నల్లగా ఉండేది. ఇక్కడి వానల్లో ఏ గోడైనా ఒక్క ఏడాదికే నల్లబడుతుంది. సముద్రం వైపు గోడ ఒక్కటే తెల్లగా ఉండేది. మా ఆఫీసు దానికి ఎన్నడూ సున్నం మంజూరు చేయలేదు.

మా ఇంజనీరుగారు ఉత్తరాది మనిషి. తొందర ఎక్కువ, మనసు మంచిది. ఒకరోజు నన్ను పిలిచి, "గుట్ట మీద క్వార్టర్లు కట్టాలి. పడగొట్టే ముందు జనం ఏమంటారో కనుక్కోమని పైనుంచి రాశారు. ఒక చుట్టు చుట్టి రండి రాజాసాబ్" అన్నారు. ఆ పేరు నోరు జారిందని తెలిసి వెంటనే ఫ్యాను వైపు చూశారు. నేను విననట్టే బయటికి వచ్చాను.

కొత్తగా వచ్చిన బెంగాలీ కుటుంబాలు నేను ప్రశ్న పూర్తి చేయకముందే ఇటుకలు ఎవరికిస్తారని అడిగాయి. ఊళ్లోని మిడిల్ పాయింట్‌లో మా ఆఫీసు గుమాస్తాలు క్వార్టర్లలో తమకు కింది వాటా వస్తుందా, పై వాటా వస్తుందా అన్నదే మాట్లాడారు. పాత ఇల్లు పాతది గనక ఉంచాలని ఒక్కరూ అనలేదు. అది పాతదని వాళ్లకు తెలుసు, అందుకే పోవాలన్నారు.

కోఠీ కాపలాదారు ద్వీపంలోనే పుట్టినవాడు, వయసు మళ్లినవాడు. తాత ఖైదీగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. కాపలా అంటే గుట్ట కింద పాకలో కూర్చోవడమే, పైకి అడుగు పెట్టేవాడు కాదు. హిందుస్తానీ తప్ప మాట్లాడడు.

"తోడ్ దీజియే సాబ్," పడగొట్టేయమన్నాడు. "మా అన్నని ఆ ఇంట్లోకి తీసుకెళ్లారు. గోడలున్నంత కాలం లోపలే ఉంటాడు. గోడలు పోతే ఎటో అటు పోతాడు."

"సముద్రం వైపు గోడకి సున్నం ఎవరు వేస్తున్నారు?"

అతను బీడీ ఆర్పాడు. "ఈ ఊళ్లో గోడలన్నిటికీ సున్నం వేసింది ఖైదీలే కదా సాబ్. అలవాటు అంత తొందరగా పోతుందా? వానలు వచ్చే ముందు తెల్లవారుజామున కుంచె చప్పుడు వినబడుతుంది. నేను దుప్పటి కప్పుకుంటాను."

నేను ఒక్కణ్ణే పైకి వెళ్లాను. ద్వీపాలకు వచ్చాక మొదటిసారి తల వంచకుండా ఒక గుమ్మం దాటాను. లోపల ఎత్తయిన కప్పు, పడాక్ అనే ఇక్కడి ఎర్ర కర్రతో చేసిన మెట్లు. అన్నేళ్లు ఖాళీగా ఉన్న ఇంట్లో గబ్బిలం లేదు, సాలెగూడు లేదు, బల్లి కూడా లేదు. బయట గాలి వీస్తోంది. లోపల దాని చప్పుడు లేదు. నా అడుగుల చప్పుడు మాత్రం నాకంటే కొంచెం ఆలస్యంగా వస్తున్నట్టు తోచింది. ఆగి చూశాను. నేను ఆగాక అదీ ఆగింది, కానీ వెంటనే ఆగలేదు. ఆ ఇంటిని ఉంచాలని ఊరు మొత్తం మీద కోరుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఎత్తు కప్పు కింద పెరిగినవాడి కోరిక అది. దాన్ని అభిప్రాయంగా రాసే హక్కు నాకు లేదు.

గుట్ట కింద చిన్న కడలంచు. అక్కడ మన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మత్స్యకారుల ఇళ్లు. అందరికంటే పెద్దవాడైన ముసలాయన ఒడ్డున కూర్చుని వల బాగుచేస్తున్నాడు. కోఠీ పడగొడితే మీకేమైనా ఇబ్బందా అని అడిగాను.

"కూల్చీండి బాబూ," అన్నాడు తల ఎత్తకుండా. "మాకేటి?"

"దానితో మీకు పనేమీ లేదా?"

"ఇటకతో నాకేటి పని? నేనేటి మేడ కడతానా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఒకతను, "తోడో భయ్యా తోడో, ఆ రాళ్లతో మాకో రోడ్డు ఏయించండి, బస్" అన్నాడు. ఇంకొకతను ఆకాశం వైపు చూశాడు. ముసలాయన దారం కొరికి, "కూల్చగలిగితే కూల్చీండి" అన్నాడు. మా ఆఫీసు పనుల ఆలస్యం మీద విసురనుకున్నాను. ఆ మాట అనే అర్హత ఊళ్లో అందరికీ ఉండేది.

అందరూ పడగొట్టమన్నారని రాసి ఇచ్చాను. హుకుం వచ్చింది. ముందు కలప తీశాం, తర్వాత మెట్లు, తర్వాత కప్పు. పడమటి గోడ, పక్క గోడలు పడ్డాయి. సముద్రం వైపు గోడ మాత్రం మిగిలింది. వెనక ఇల్లు లేక అది ఒంటరిగా, ఇంకా పెద్దగా, ఇంకా తెల్లగా కనిపించేది. పని ముగించి దిగుతుంటే వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు ఉండేది. రాంచీ నుంచి వచ్చిన మా కూలీలు దాని నీడలో అన్నం తినడం మానేశారు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఒడ్డున వల బాగుచేసిన ముసలాయన కూతురు నా వసారాలోకి వచ్చింది. ఆమె రోజూ మా ఆఫీసు ముందు చేపల గంప దించేది. నోరు పెళుసు. "ఓవర్సీరు బాబు బేరమాడరు, సేపా కొనరు, నిలబడి సూసి ఎలిపోతారు" అని నన్ను నలుగురిలో అనేది. ఆ సాయంత్రం గంప లేదు.

"ఆ గోడ ఒగ్గీండి బాబూ," అంది.

"మీ నాన్న పడగొట్టమన్నాడు."

"మా అయ్య సెప్పడు. ఎవులూ సెప్పరు. నాను సెప్పినట్టు తెలిస్తే మా ఆయన నన్ను ఒగ్గీసినా ఒగ్గీగలడు." వసారా అంచున కూర్చుంది. "సముద్రంలోంచి సూస్తే ఆ గోడా, ఎనకాల పెద్ద కొండ మీది నొక్కూ ఒకే వరసలో పడాల. అప్పుడే నీళ్లకింద రాళ్ల మద్దిన దారి. ఇటు జరిగినా అటు జరిగినా నావ ఖతం. ఎండుంటే ఎలాగో రావచ్చు. వానలో ఆ తెలుపు తప్ప ఇంకేటీ కనబడదు."

"ఇదే మాట ఆ రోజు చెప్పొచ్చు కదా?"

"ఎలా సెప్తారు? సేపలున్న సోటు కూడా ఆ గోడతోనే గుర్తు. మాలూం అయిందంటే అందరి నావలూ మా సోటు మీద పడతాయి. మా తాత పోతా పోతా మా అయ్య సెవిలో సెప్పేడు. కొడుకుల్లేరు గనక మా అయ్య మా ఆయనకి సెప్పేడు. నాకెవులూ సెప్పనేదు. ఆయన నిద్దట్లో పలవరిస్తే ఇన్నాను."

"మరి సున్నం?"

"గుల్లలు కాల్చి మా ఆయనే కొడతాడు, సీకటుండగా ఎల్లి. ఒక్కోసారి ఎల్లేసరికి ముందే కొట్టేసి ఉంటాది. తడి కూడా ఆరదట. దండమెట్టి దిగొచ్చీస్తాడు."

"ఎవరు కొట్టారని అడగలేదా?"

"అడగాలా బాబూ? ఆ ఇంట్లో మిగిలిపోయినోళ్లే. అందుకే మా అయ్యకి బెంగ నేదు. ఆళ్లుండగా ఈ ఆఫీసోళ్లు కూల్చగలరా అంటాడు."

"నీకు బెంగ ఎందుకు?"

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "మీరు కూల్చీగలరు. మిమ్మల్ని రోజూ సూస్తన్నాను గదా."

ఆమె చెప్పింది ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. మర్నాడు ఇంజనీరుగారి దగ్గరికి వెళ్లి, గాలికి అడ్డుగా ఆ ఒక్క గోడా ఉంచితే క్వార్టర్లకు మంచిదన్నాను. ఆయన నేను రాసిన కాగితమే నాకు చూపించారు. "అందరూ పడగొట్టమన్నారని మీరే రాశారు. ఒంటి గోడ ఎవరి మీదైనా పడితే నేనేం చెప్పాలి? కొత్త కారణం ఏమైనా ఉందా?" ఉంది. అది నాది కాదు. లేదన్నాను.

అక్కడి నుంచి ఒడ్డుకు, ఆమె తండ్రి దగ్గరికి వెళ్లాను. మనుషులు లేకుండా చూసి, "ఆ గోడ గురించి నాకేమైనా చెప్పాలని ఉందా?" అని అడిగాను.

"ఏ గోడ బాబూ?" అన్నాడు.

అన్న తీరు నాకు బాగా తెలుసు. దివాణంలో పొయ్యి వెలగని రోజుల్లో, భోజనాలయ్యాయా అని అడిగినవాళ్లకు మా తండ్రిగారు అదే ముఖంతో జవాబు చెప్పేవారు. ఆ పైన అడగడం మర్యాద కాదు. ఒక ఇంటికి చివరికి మిగిలింది ఒక్క రహస్యమే అయితే, దాన్ని ఇంకొకరి కాగితం మీద పెట్టమని నేను అడగలేను.

దారిలో కూతురు ఎదురైంది. "రేపు గోడ పడుతుంది. నీ భర్తకు చెప్పు. అందరికీ చెప్పు" అన్నాను. చెప్పిందట. ముసలాయన నవ్వాడట. తక్కిన నావలవాళ్లూ నవ్వారట. భర్త మాత్రం నవ్వలేదట.

ఆ ఉదయం ఆకాశంలో మబ్బు తునక లేదు. నావలు చీకటితోనే వెళ్లిపోయాయి. మేం గుట్ట ఎక్కేసరికి గోడ తడిగా ఉంది. కొత్త సున్నం పై నుంచి కింది దాకా నిగనిగలాడుతూ గడ్డి మీదికి కారుతోంది. నిచ్చెన లేదు, కుంచె లేదు, తడి గడ్డి మీద నలిగిన గుర్తు లేదు. కూలీలు గునపాలు నేల మీద పెట్టేశారు. ఎన్నడూ పైకి రాని కాపలాదారు ఆ రోజు వచ్చాడు. గోడకు దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నేను వెళ్లి అరచేయి ఆనించాను. చల్లగా ఉంది. తీస్తే తెల్లటి అరచేయి. గోడ మీద నా చేతి గుర్తు పడాలి కదా, పడలేదు.

హుకుం వచ్చిన పని ముందు మెత్తబడటం నాకు తెలియదు. గునపం తీసుకుని మొదటి పోటు నేనే పొడిచాను. తర్వాత కూలీలు కదిలారు. మధ్యాహ్నం లోపు గోడ పడింది. అంత గోడ పడితే గుట్ట అదరాలి. నిండు బస్తా ఎవరో మెల్లగా దించినంత చప్పుడే అయింది. కాపలాదారు కాసేపు చెవి ఒగ్గి విని, "అచ్ఛా" అని దిగిపోయాడు.

భోజనాల వేళ దాటాక పడమటి కొండలు నల్లబడ్డాయి. ఆ కాలంలో మాకు వాన కొండల మీంచి వస్తుంది; వీపు మీద కొట్టి సముద్రం మీదికి పోతుంది. కూలీల్ని ఇళ్లకు పంపేశాను. కింద ఒడ్డున ఆడవాళ్లు చేరారు. నేను గోడ ఉన్న చోటుకు ముందు, గుట్ట అంచున, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను. నావలు వచ్చేదాకా అక్కణ్ణించి కదలడం నాకు న్యాయంగా తోచలేదు. చూస్తుండగానే సముద్రం కనిపించకుండా పోయింది. రాళ్ల మీద అలలు విరిగే చప్పుడు మాత్రం ఉంది.

ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. వానలోంచి ఒక నావ ముక్కు బయటికి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి. దారానికి గుచ్చినట్టు ఒకే వరసలో, ఎటూ తొలగకుండా రాళ్ల మధ్య నుంచి వచ్చాయి. ముందు నావలో ముసలాయన. అందరి కళ్లూ గుట్ట మీదే ఉన్నాయి. నన్ను చూడటం లేదు. నా తల మీదుగా, ఇంకా పైకి చూస్తున్నారు.

కిందికి దిగి వెళ్లాను. అప్పటికే ఆడవాళ్లు అరుస్తున్నారు, గోడ లేకుండా ఎలా వచ్చారని.

"నేకపోడమేటి?" అన్నాడు ముసలాయన. "ఎప్పుడూ అగుపడనంత తెల్లగా కనబడతంటేను?"

"నాకూ కనబడింది," అన్నాడు పక్క నావతను.

"నీకు గోడతో ఏటి పని?"

"నీకేటి పనో నాకూ అదే."

అలా బయటపడింది. ప్రతి ఇంటికీ ఆ గోడే గుర్తు. ప్రతి ఇల్లూ అది తమ ఒక్కరిదే అనుకుంది. ప్రతి ఇంటినుంచీ ఒకడు చీకట్లో వెళ్లి సున్నం కొట్టాడు. ముందే కొట్టి ఉంటే పోయినవాళ్ల పని అనుకుని దండం పెట్టి వచ్చాడు. "ఓరి నీ ఇల్లు బంగారం గాను, ఇన్నేళ్లూ నీకా నాను దండమెట్టింది?" అన్నాడొకడు. వానలోనే నవ్వుకున్నారు. ఆ నవ్వులోంచే ఎవరో, "మరి ఇయ్యాల పొద్దుట ఎవులు కొట్టేరు?" అన్నారు. ఎవరూ నేనని అనలేదు. అప్పుడు ముసలాయన గుట్ట వైపు తిరిగి చూశాడు. ఉత్త కొండ, దాని మీద ఉత్త ఆకాశం. ఆయన ఇసకలో కూలబడ్డాడు.

ఇప్పటి ఉద్యోగులకు నేను చెప్పేది ఇక్కడే. ఈ కట్టడం మీకు కావాలా అని మనం అడుగుతాం. అది పడిపోగలదని మీరు నమ్ముతున్నారా అని అడగం. నమ్మనివాడు ఏ జవాబైనా ధైర్యంగా చెబుతాడు.

"మా ఆయన ఏడీ?" అంది కూతురు.

అందరూ లెక్క చూసుకున్నారు. "మా ఎనకాలే ఉన్నాడు," అన్నాడు తండ్రి. "దారి కాడికొచ్చి నావ తిప్పేసేడు. కేకేసేను. ఇననేదు."

"ఎటు?"

ఆయన సముద్రం వైపు చెయ్యి చూపించాడు.

ఆమె ఏడవలేదు. నా వైపు తిరిగింది. "మీరు సెప్పమన్నారు, నాను సెప్పేను" అంది. అంతే. తెల్లవార్లూ ఆ సముద్రం వైపే కూర్చుంది.

అతను సముద్రం మీంచి రాలేదు. ఎండ వచ్చాక మా వెనక నుంచి, రోడ్డు మీద నడిచి వచ్చాడు. వానలో ఊరి రేవు ముఖం దాకా పోయి, లోపలికి తిరిగి, ఊరి అవతల పాయ ఒడ్డున సిప్పీఘాట్ దగ్గర నావ కట్టేసి వచ్చాడట. బట్టలు ఉప్పు కట్టి ఉన్నాయి. భార్య లేచి అతని భుజం పట్టుకుని చూసింది, మనిషేనా అని చూసినట్టు.

"దారి కాడ నావెందుకు తిప్పేవురా?" అన్నాడు మామ. "గోడ కనబళ్లేదా?"

"కనబడింది."

"మరేటి?"

"నేదని ఈ బాబు సెప్పేరట గదా. నేని గోడ కనబడతంటే దాన్ని సూసుకుని నావ నడపమంటావా?"

"మేమందరం రానేదా?"

"మీరు నమ్మనేదు గనక మీకు తెల్దు మావా. తెలిసినోడు రాకూడదు."

అతను మళ్లీ సముద్రం మీదికి వెళ్లలేదు. ఆస్టినాబాద్ వైపు లారీ మీద పని చేసుకున్నాడు. తక్కినవాళ్లకు కూడా ఆ తర్వాత ఏ వానలోనూ గోడ కనబడలేదు. ఆ కడలంచు వదిలేసి నావలు వేరే రేవుకు మార్చుకున్నారు. గుట్ట మీద క్వార్టర్లు లేచాయి. జనం కోరిందే జరిగింది.

క్వార్టర్ల పని జరుగుతుండగా ఆమె ఒకరోజు ఆఫీసు ముందు గంప దించి, నన్ను పిలిచింది. చేపల మాట ఎత్తలేదు.

"ఆ ఏళ గుట్ట మీద మీరే ఉన్నారు గదా బాబూ. మీకేటి కనబడింది?"

"నేను సముద్రం వైపు చూస్తున్నాను," అన్నాను. "వెనక్కి తిరగలేదు."

అది నిజమే. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి, ఇంకేమీ అడగకుండా గంప ఎత్తుకుంది.

అడగలేదు గనక చెప్పలేదు. కొండల మీంచి, నా వెనక నుంచి ఏటవాలుగా కొట్టే ఆ వానలో, నా కాళ్లకు కొంచెం అవతల మట్టి కరిగి గుట్ట కిందికి పోతోంది. చివరి నావ రాళ్లు దాటేదాకా నా చొక్కా తడవలేదు. కిందికి దిగడానికి అడుగు వేశాకే వాన నా మీద పడింది.